‘పరజా’ నవల: భుక్తి, లిఖితము, సాక్ష్యము

గోపీనాథ మహాంతి (1914–1991) ఒడియా భాషలో రచించిన ‘పరజా’ నవల 1945లో వెలువడినది. కొరాపుట్ కొండలలోని ఒక పరజా కుటుంబము తన నేలను, తన స్వేచ్ఛను ఒకదాని వెంట నొకటిగా కోల్పోవుట అందలి ఇతివృత్తము. ఈ నవలను రెండు తెరగుల చదువుట వాడుకయైనది. అడవి వర్ణనలకును, ఆదిమజనుల ఆటపాటలకును ముగ్ధులైనవారు దీనిని వచనకావ్యముగా పరిగణింతురు. సాహుకారు దౌష్ట్యమును ముఖ్యముగా గొన్నవారు దీనిని ఋణపీడితుల కరుణగాథగా పరిగణింతురు. ఈ రెండు పఠనములును అసత్యములు కావు. కాని రెండును చాలవు. మొదటి పఠనమున అడవి మిగులును గాని దానిపై హక్కు కనబడదు. రెండవ పఠనమున దుర్మార్గుడు కనబడును గాని వాని దుర్మార్గమును చెల్లించిన యంత్రము కనబడదు. మా యభిప్రాయమున నవలకు ప్రాణము మరియొక చోటనున్నది. ఒక మనుష్యుడు ‘ఈ నేల నాది’ యని చెప్పినప్పుడు ఆ మాటను ప్రమాణముగా గైకొను అధికారము ఎవరిది యను ప్రశ్నయే ఇందలి కథాసంవిధానమునకు ఆధారము. ఆదిమజనుల భూమిహక్కును గూర్చియు, న్యాయమును గూర్చియు, స్వయంనిర్ణయమును గూర్చియు నేడు జరుగుచున్న చర్చలన్నియు తుదకు ఈ ప్రశ్న కడకే చేరుచున్నవి.

ఒడియా నవలను తెలుగు పరిశోధకుడు పరామర్శింపవలసిన అవసరమేమి యని కొందరు ప్రశ్నింపవచ్చును. కొరాపుట్ ప్రాంతము 1936 ఏప్రిల్ 1వ తేది వరకు మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణము జిల్లాకు చేరిన ఏజెన్సీ భాగము. జయపుర జమీందారీ ఆ జిల్లాలో పెద్ద జమీందారీలలో నొకటి. 1839 నాటి 24వ శాసనము గంజాము, విశాఖపట్టణము జిల్లాల కొండప్రాంతములను సామాన్య న్యాయస్థానముల అధికారమునుండి తప్పించి కలెక్టరును గవర్నరు ఏజెంటుగా నిలిపినది. నవలలోని కొండలును, మన పాడేరు, అరకు కొండలును ఒకే పాలనా సంప్రదాయమున పెరిగినవి. సంతలకు ఉప్పును, బట్టను, అప్పును మోసికొని మైదానమునుండి ఎక్కిపోయిన వర్తకులలో తెలుగువారును ఉండిరి. కనుక ఈ కథను పొరుగువారి కథయని చదువుటకు మనకు వీలులేదు.

జాతినామమే ఒక చరిత్రను చెప్పుచున్నది. ‘పరజా’ శబ్దము సంస్కృత ‘ప్రజా’ శబ్దభవమని పలువురి మతము. ఆంధ్రప్రదేశము షెడ్యూల్డు తెగల పట్టికలో వీరు ‘పొర్జ’, ‘పరంగిపెర్జ’ అను పేర్లతో కానవత్తురు. ఆ వ్యుత్పత్తియే నిజమైనచో, ఒక జనసముదాయమునకు మిగిలిన పేరు వారు ఎవరో చెప్పునది కాదు, ఎవరికి పన్ను చెల్లింతురో చెప్పునది. మహాంతి తన నవలకు నాయకుని పేరు గాక ఈ పేరునే పెట్టుట మాకు యాదృచ్ఛికముగా తోపదు.

కథ క్లుప్తముగా ఇట్లున్నది. సరసుపదర్ అను కొండపల్లెలో సుక్రు జాని అనువాడు ఇద్దరు కుమారులతో, ఇద్దరు కుమార్తెలతో సుఖముగా నుండును. భార్య పులివాత పడి గతించినది. ‘జాని’ యనునది ఆ కొండలలో గ్రామపూజారికి గల వ్యవహారము. నేలతల్లిని పిలుచు పదవిపేరు మోయువాడే నేలను కోల్పోవుట ఇందలి విపర్యాసము. కుమారులకు పెండ్లిచేయవలెను, మరికొంత అడవి నరికి కొత్తనేల దున్నవలెను అనునది ఆతని కల. అటవీరక్షకుని అనుమతితో చెట్లు కొట్టును. ఆ రక్షకుని కన్ను పెద్దకుమార్తె జిలిపై పడును. కోరిక తీరక పోగా అక్రమముగా చెట్లు నరికినట్లు నేరము మోపబడును. జరిమానా కట్టుటకు సాహుకారు రామచంద్ర బిసోయి వద్ద అప్పుచేసి, సుక్రు జానియు చిన్నకుమారుడు టిక్రాయు వాని ఇంట ‘గోతి’లగుదురు. సారాకాచి పట్టుబడి, ఆ జరిమానాకై పెద్దవాడు మాండియాయు అదే దారి పట్టును. బాట పనికి పోయిన కుమార్తెలకు మేస్త్రీల లోకము ఎదురగును. చివరకు భూమి తాకట్టు పడును. తిరిగి అడిగిన నాడు సాహుకారు ఈయడు. న్యాయస్థానమున వ్యాజ్యము ఓడిపోవును. మాండియా గొడ్డలి లేచును.

ఇందలి సంఘటనలను కేవలము దురదృష్టపరంపరగా చూచినచో నవల శిల్పము దొరకదు. దీనిని తెరచుటకు మన ధర్మశాస్త్రములోనే ఒక తాళపుచెవి గలదు. వ్యవహారనిర్ణయమునకు లిఖితము, భుక్తి, సాక్షులు అని మూడు మానుషప్రమాణములను యాజ్ఞవల్క్యుడు చెప్పెను. దానికి విజ్ఞానేశ్వరుని మితాక్షర వ్యాఖ్య. ఆ వ్యాఖ్యానమార్గమును పదమూడవ శతాబ్దిలో కేతన ‘విజ్ఞానేశ్వరీయము’న తెనిగించిన సంగతి మనకు సుపరిచితము. పత్రము లేనిచో అనుభవము, అనుభవము సందిగ్ధమైనచో చూచినవాని నోటిమాట: ఇది ఆ ప్రమాణవ్యవస్థ లోని ఇంగితము. సుక్రు జాని ఈ మూడింటిలో రెండింటికి పుట్టుకతోనే అధికారి. తాతనాటినుండి దున్నిన భుక్తి ఆతనిది. ఊరంతయు సాక్షి. లేనిది లిఖితమొక్కటే. నవలలో జరుగున దేమనగా, మిగిలిన రెండును క్రమముగా హరింపబడి, లేని ఆ ఒక్కటే సర్వప్రమాణమై కూర్చుండుట. కథలోని ప్రతి మలుపును ఒక ప్రమాణము చేజారుటగా చదువవచ్చునని మా ప్రతిపాదన.

భుక్తి మొదట పోవునది అడవిలో. కొండవాని దృష్టిలో భుక్తి యనగా ఒక్క చెక్కను ఏటేట దున్నుట కాదు. ఈ యేడు నరికి కాల్చి విత్తిన వాలును కొన్నేండ్లు బీడు విడిచి, మరియొక వాలునకు పోయి, అడవి మరల పెరిగిన పిదప తొలిచోటికి వచ్చుట పోడు పద్ధతి. బీడువిడిచిన యేండ్లు కూడ భుక్తిలోనివే. ఆ నేల విశ్రాంతి తీసికొనుచున్నది గాని అనాథ కాలేదు. అటవీశాఖ లెక్కలో బీడువిడిచిన నేల సర్కారు అడవి. 1882 నాటి మద్రాసు అటవీ శాసనముతో రిజర్వులు ఏర్పడినప్పటి నుండి ఈ రెండు లెక్కలకును పొత్తు కుదరలేదు. నవలలోని అటవీరక్షకుడు కామాంధుడైన నీచుడు అగుట కథకు ఉపకరించును. కాని ఆతడు సజ్జనుడైనను సుక్రు జాని తాతలనాటి భుక్తి ఆతని అనుమతిపై ఆధారపడవలసినదే. అనుమతి అడిగిన క్షణముననే హక్కు దానముగా మారినది. మహాంతి ఈ విషయమును వ్యాఖ్యానింపక, అనుమతి దొరకినందులకు సుక్రు జాని పొందిన సంతోషమును మాత్రము చూపును. నవలయంతటిలో మమ్ము మిక్కిలి కలచివైచినది ఆ సంతోషమే.

రెండవది లిఖితము. ‘గోతి’ యనగా అప్పునకు బదులు తన దేహమును పనికి ఒప్పగించినవాడు. తెలుగు చెవికి ఈ మాట గోయి శబ్దపు ఔపవిభక్తికరూపమై మరియొక అర్థమును తోపింపజేయుట ధ్వనిసామ్యము మాత్రమే, వ్యుత్పత్తి కాదు. అయినను తెలుగువాడు దానిని వినకుండ నుండజాలడు. ఈ పద్ధతి మన ఏజెన్సీలోను ఉండినదే. మద్రాసు ప్రభుత్వము 1940లో ఏజెన్సీ ఋణదాస్యముపై ఒక రెగ్యులేషను తెచ్చినది. ఒడిశాలో అట్టిది 1948లో వచ్చినది. దేశమంతటికిని వెట్టి రద్దు శాసనము వచ్చుటకు 1976 కావలసివచ్చెను. అనగా నవల వెలువడు నాటికి సరిహద్దునకు ఈవల నిషిద్ధమైనది ఆవల వ్యవహారముగా నడచుచుండెను. గోతి ఒప్పందములో అప్పు ఎంతయో, వడ్డి ఎంతయో, పని విలువ ఎంతయో వ్రాయువాడు ఒక్కడే. వ్రేలిముద్ర వేయువాడు వేరు. లిఖితము ప్రమాణమగుటకు ఇరుపక్షములును దానిని చదువగలుగవలెనన్న నియమము ధర్మశాస్త్రకారులకు తోచినదే. వ్రాత రాని ఋణికుడు తన సమ్మతిని సాక్షిచేత సాక్షుల యెదుట వ్రాయింపవలెనని వారు విధించిరి. సుక్రు జాని యెదుట అట్టి సాక్షియెవడును లేడు.

ఇచట శాసనచరిత్రలోని ఒక విషయము నవలకు వింతవెలుగు నిచ్చుచున్నది. 1917లో మద్రాసు ప్రభుత్వము ఏజెన్సీ ప్రాంతముల వడ్డీ, భూబదిలీ శాసనమును చేసినది. దాని ప్రకారము కొండజాతివాడు తన భూమిని కొండజాతివాడు కానివానికి ఏజెంటు లిఖితపూర్వకానుమతి లేక బదిలీచేసినచో అది చెల్లదు. 1936లో కొరాపుట్ ఒడిశాకు మారిన పిదపను ఆ శాసనము అచట నిలిచియే యుండెను. 1956 నాటి ఒడిశా షెడ్యూల్డు ప్రాంతముల రెగ్యులేషను వచ్చువరకు అమలులో నుండెను. అనగా సుక్రు జాని తాకట్టును నిలువరింపగల అక్షరములు పుస్తకమున అప్పటికే కలవు. కథాగతిలో అవి ఆతనికి అక్కరకు రావు. నవలాకారుడు 1938లో ఒడిశా పరిపాలనోద్యోగమున ప్రవేశించి కొరాపుట్‌లో పనిచేసినవాడు. ఈ శాసనములను ఎరుగనివాడు కాడు. కాగా ఆతడు ‘శాసనము లేదు’ అను కథను వ్రాయలేదు. శాసనము ఉండియు, దానిని పిలువగల నోరు లేనివాని కథను వ్రాసెను. ఈ భేదమును గుర్తింపనిచో నవలను సంస్కరణ కోరు అర్జీ స్థాయికి దింపినవారమగుదుము.

న్యాయస్థానపు ఘట్టమును చదువునప్పుడు మాకు రెండు గ్రంథములు జ్ఞప్తికి వచ్చినవి. ఒకటి ఫకీరమోహన సేనాపతి ‘ఛ మాణ ఆఠ గుంఠ’. అందును తాకట్టే ఆయుధము. భగియా, సారియా అను సాలెదంపతుల పొలము జమీందారు రామచంద్ర మంగరాజు పాలగును. సాహుకారునకు మహాంతి పెట్టిన పేరును రామచంద్రుడే యగుట ఒడియా పాఠకునకు తప్పక స్ఫురించును. రెండవది మన ‘కన్యాశుల్కము’. ఫకీరమోహనుని నవల పత్రికలో ప్రకటితమగుట మొదలైన 1897లోనే గురజాడ నాటకము తొలికూర్పు వెలువడినది. అందు దొంగపత్రములు, కూటసాక్షులు, వకీళ్లు, హెడ్డుకనిష్టీబు. లేని పెండ్లికూతురి హత్యాభియోగము లుబ్ధావధానుల తలపై పడును. ప్రేక్షకుడు కడుపుబ్బ నవ్వును. విశాఖ మైదానమువాడు న్యాయస్థానమును చూచి నవ్వగలుగుటకు కారణము, ఆ యాటలోని ఎత్తులు వానికి తెలియుట. నేడు ఓడినవాడు రేపు తానును ఒక పత్రము పుట్టింపగలడు. అదే జిల్లాలో కొంచెము పైకెక్కినచో ఆ నవ్వు నిలిచిపోవును. సుక్రు జానికి కోర్టు ఒక ఆట కాదు, ఒక వాతావరణము. వానవచ్చినట్లు తీర్పు వచ్చును. మహాంతి హాస్యమును నవలలో ఇతరత్ర విరివిగా వాడినను ఇచట వాడకుండుట ఔచిత్యజ్ఞాన మనవలెను.

మైదానపు కోర్టులు కొండవారి పాలిట ఎట్టివైనవో చెప్పుటకు కల్పన అక్కరలేదు. 1879 నాటి రంప తిరుగుబాటునకు కల్లుపన్నుతోను, మన్సబుదారు దోపిడితోను పాటు మరియొక హేతువును ఆనాటి అధికారులే గుర్తించిరి: మైదానపు చిల్లరవర్తకులు కొండవారితో ఒప్పందములు చేసికొని, దిగువ కోర్టులలో వారు హాజరు కాకుండగనే డిక్రీలు పొంది, పశువులను తోలుకొనిపోవుచుండిరి. వ్యాజ్యము నడచినదనియే వారెరుగరు. జప్తు వచ్చినప్పుడు ఎరిగిరి. 1922–24 నాటి మన్యపు తిరుగుబాటునకు పూర్వరంగములో అడవి నిర్బంధములును, బాటపని వెట్టియు ఉండుట ప్రసిద్ధము. నవలలోని ఒక కుటుంబము అనుభవించిన అటవీ జరిమానా, ఆబ్కారీ జరిమానా, బాటపని, అప్పు, కోర్టు అను వరుస, ఈ తిరుగుబాట్ల హేతువులను ఒక ఇంటిలో కుదించి చూపినట్లున్నది.

మూడవ ప్రమాణము సాక్షి. ‘సాక్షాత్’ అను అవ్యయమునుండి, స్వయముగా చూచినవాడు అను అర్థమున పాణిని ఈ శబ్దమును సాధించెను. నవలలో స్వయముగా చూచినవారికి కొదువ లేదు. ఊరిలో ప్రతివానికిని ఆ గట్టు ఎవరిదో తెలియును. కాని కోర్టులో చెల్లిన సాక్ష్యము ధనమునకు లొంగినది. పల్లెలోనివారు సాహుకారు ఋణికులు. ఋణికుని కన్ను తనది కాదు. ఇది చాలనట్లు, భాష యొకటి అడ్డు. పరజాలకు తమ మాట గలదు; బయటివారితో దేశియా మాటాడుదురు; కోర్టు వ్రాత మరియొక భాషలో నడచును. నోటిమాట మూడు మెట్లు దిగి కాగితము మీద కెక్కునప్పటికి అది ఎవరి మాటయో చెప్పుట కష్టము. మన గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో నుండి సవర భాషను నేర్చి, వాచకములు కూర్చి, సవరలకు వారి భాషలో బడులు నడిపించి, 1931లో ఆ భాషకు వ్యాకరణగ్రంథమును, 1938లో సవర-ఆంగ్ల నిఘంటువును ప్రకటించెను. ఈ కృషిని మనము భాషాశాస్త్రమునకు చేసిన సేవగానే తలంచుచున్నాము. ‘పరజా’ చదివిన పిదప దానిని న్యాయమునకు చేసిన సేవగా కూడ తలంపవలసియున్నది.

ఈ సందర్భమున నవలపై మా కొక అభ్యంతరము గలదు. జిలి పాత్రను మహాంతి మొదట మిక్కిలి స్వతంత్రముగా నడపెను. ప్రియుడు బగ్లా మరియొకతెను పెండ్లాడిన పిదప ఆమె చూపిన మౌనము, బాటపనిలో తన కూలి తాను పుచ్చుకొన్ననాటి ఉత్సాహము, ఇవి గొప్ప రచయిత చేయి చూపు తావులు. కాని ఆమె సాహుకారు ఇల్లు చేరిన తరువాత కథకుడు ఆమె మనస్సులోనికి పోవుట తగ్గించి, ఆమెను తండ్రి పోగొట్టుకొన్న నేలకు ప్రతిరూపముగా నిలుపును. నేల పోయినది, కూతురు పోయినది అను సమీకరణము ఒడియా కథలోనే గాక తెలుగు కథలోను అరిగిపోయినది. సాక్ష్యమును గూర్చిన నవలలో జిలి సాక్ష్యమును ఎవరును అడుగరు; కథకుడు కూడ అడుగడు. చెల్లెలు బిలి విషయమున ఈ లోపము మరింత స్పష్టము. స్త్రీల పేర నేల పట్టాలు ఉండవలెనను చింత ఆ కాలమున ప్రబలముగా లేదనుట సమాధానము కాజాలదు. అటవీరక్షకుని కోరికను కాదన్నది జిలియే, కథ కదలినది ఆ కాదన్న మాటతోనే.

ఇక ముగింపు. వ్యాజ్యమున ఓడిన తండ్రికొడుకులు తుదిసారి సాహుకారును వేడుకొందురు. అవమానము ఎదురగును. మాండియా గొడ్డలితో నరుకును. పిమ్మట మువ్వురును పోలీసుఠాణాకు తాముగా నడచిపోయి తాము మనిషిని చంపితిమని చెప్పి శిక్ష కోరుదురు. ఈ లొంగుబాటును ఆదిమజనుల అమాయకసత్యసంధతగా పొగడుట పరిపాటి. ఆ పొగడ్తలో దాగిన చిన్నచూపు మాకు నచ్చదు. నవల నిర్మాణమును బట్టి చూడగా ఇచట జరుగున దిది: ‘నేల మాది’ యని చెప్పినప్పుడు చెల్లని నోరు, ‘హత్య మాది’ యని చెప్పినప్పుడు తక్షణమే చెల్లినది. ఈ వాక్కునకు లిఖితము అక్కరలేదు, భుక్తి అక్కరలేదు, ఇతరసాక్షి అక్కరలేదు. రాజ్యము ఆ నోటినుండి వినుటకు సిద్ధముగానున్న మాట నేరాంగీకార మొక్కటే. సుక్రు జాని కుటుంబము వ్యవహారభూమిలో ప్రమాణపురుషులైనది అప్పుడే. ఇంతటి చేదైన విపర్యాసమును ఒక్క విశేషణమైనను చేర్చక వ్రాసిన రచయిత సంయమము సామాన్యము కాదు.

ఈ నవలలో సంఘటితపోరాటము లేదనియు, నాయకుడు లేడనియు ఆక్షేపింపవచ్చును. మహాశ్వేతాదేవి ‘అరణ్యేర్ అధికార్’ (1977) బిర్సా ముండాను, సాహు, అల్లం రాజయ్యల ‘కొమురం భీము’ (1983) జోడేఘాట్‌లో 1940లో నేలకొరిగిన గోండు వీరుని నాయకులుగా గొన్నవి. ఆ నవలలకు చరిత్ర ఇచ్చిన బలము ‘పరజా’కు లేదు, నిజమే. అంతకంటె ముఖ్యమైన లోపమును మేము చూపగలము: పల్లెకు నాయకుడు, పెద్దలు, కూటము ఉన్నను వారి తీర్పువ్యవస్థ కథలో పనిచేయదు. స్వయంపాలన అను భావమునకు ఇంట దొరకవలసిన బీజము మహాంతికి పట్టుబడలేదు. ఉద్యోగి కన్ను కోర్టును చూచినంత నిశితముగా కూటమును చూడలేదేమో. అయినను నాయకుడు లేకపోవుటను మేము లోపముగా గణింపము. నాయకుని కథలో ఓటమి కూడ ఒక వెలుగు నిచ్చును. నాయకుడు పుట్టని వేల పల్లెలలో ఏమి జరిగినదో చెప్పుటకు సుక్రు జాని వంటివాడే తగును. భీముని చేత తుపాకి పట్టించినది, మాండియా చేత గొడ్డలి పట్టించినది ఒకే ప్రశ్న. భీము మరణానంతరము నైజాము ప్రభుత్వము హైమెండార్ఫును గోండుల స్థితి పరిశీలింప నియోగించుటయు, పిమ్మట పట్టాలు ఇప్పించుటయు జరిగినవి. అనగా ఒక తిరుగుబాటు వినిపించిన పిదపనే భుక్తి లిఖితముగా మారినది.

స్వాతంత్ర్యానంతర శాసనములు ఈ మూడు ప్రమాణములను ఎట్లు తిరుగవ్రాసెనో చూచినచో నవల పట్టుకొన్న మర్మము ఎంతటిదో తెలియును. ఆంధ్రప్రదేశములో 1959 నాటి భూబదిలీ రెగ్యులేషనును 1970లో సవరించిరి. అదియే ప్రసిద్ధమైన 1/70. దానిలో ఒక నిబంధన గలదు: ఏజెన్సీలో గిరిజనేతరుని స్వాధీనములోనున్న స్థిరాస్తి, అన్యథా నిరూపితమగు వరకు, గిరిజనునివద్దనుండి వచ్చినదిగానే భావింపబడును. నిరూపణభారము సుక్రు జాని తలమీదినుండి రామచంద్ర బిసోయి తలమీదికి మారినదన్నమాట. 1988లో సర్వోన్నత న్యాయస్థానము ఈ రెగ్యులేషనును సమర్థించెను. విశాఖ జిల్లా అనంతగిరి మండలములోని బొర్రా ప్రాంతపు గనుల విషయమున 1997లో వెలువడిన ‘సమత’ తీర్పు, ప్రభుత్వము సైతము షెడ్యూల్డు ప్రాంతపు భూమిని గిరిజనేతరులకు గనులకై కౌలు నీయరాదని పలికెను. 2013లో నియమగిరి విషయమున అదే న్యాయస్థానము నిర్ణయమును పల్లెసభలకు విడిచినది. రాయగడ, కలహండి జిల్లాలలోని 12 పల్లెలు వరుసగా గనిని నిరాకరించినవి. ఈ రాయగడ 1992 వరకు కొరాపుట్ జిల్లాలోనిది. ‘అమృతర సంతాన’లో మహాంతి చిత్రించిన కొంధుల జ్ఞాతులే ఆ సభలలో నోరువిప్పినవారు. అచట పత్రములు చూపలేదు. కొండ తమ దేవుడు నియమరాజు నివాసమని చెప్పిరి. ఆ మాట ఈసారి చెల్లినది.

ఈ విజయములను లెక్కించునప్పుడు తొందరపాటు కూడదు. 2006 నాటి అటవీహక్కుల శాసనమునకు 2008 జనవరిలో ప్రకటింపబడిన నియమములు, పత్రములతో పాటు చదునుచేసిన మళ్లు, గట్లు, బావులు, శ్మశానములు, పూజాస్థలములు, వంశవృక్షము, అర్జీదారుడు కాని పెద్దల వాఙ్మూలము మున్నగువానిని సాక్ష్యములుగా పేర్కొనినవి. యాజ్ఞవల్క్యుని భుక్తియు, సాక్షియు తిరిగివచ్చినట్లే. అయినను లక్షలకొలది అర్జీలు నిరాకృతములైనవి. 2019 ఫిబ్రవరి 13న సర్వోన్నత న్యాయస్థానము నిరాకృతులను ఖాళీచేయింపవలెనని ఆజ్ఞాపించి, ఆ మాసాంతముననే ఆ యాజ్ఞను నిలిపివేసినది.

పరిశోధకులకు ఇచట ఒక పని గలదని మేము తలంచుచున్నాము. మన శాఖలలో గిరిజనుల పాటలను, వంశగాథలను జానపదవాఙ్మయముగా సేకరించి, ఛందస్సు, ఇతివృత్తము, మూలకథాంశములు అని విభజించి పదిలపరచుట ఆచారము. గోండుల వంశకథలను తరతరములుగా గానము చేయు పర్ధానుల గాథలలో ఏ గోత్రము ఏ వాగు దాటి ఎచట నిలిచినదో చెప్పబడియుండును. ఈ సంకలనములను తయారుచేయునప్పుడు గాయకుడు చెప్పిన ఊరి పేరును, వాగు పేరును, పూర్వుని సమాధిస్థానమును ‘కథాభాగము కాదు’ అని వదలివేయుట ఎన్ని పర్యాయములు జరిగినదో! అట్లు వదలినది భుక్తికి సాక్ష్యము కావచ్చును. పాఠమును ఏ యూరిలో, ఎవరి యెదుట, ఏ భాషలో సేకరించిరో వ్రాయుట కూడ ఇట్టిదే.

పైన చెప్పిన నియమములోనే ఒక చిన్న మాట గలదు. పెద్దల వాఙ్మూలము సాక్ష్యమగును గాని, అది వ్రాతలో పెట్టబడి యుండవలెను. ముదుసలి కువిలోనో, పొర్జలోనో, గోండిలోనో చెప్పును. వ్రాయువాడు ఒడియాలోనో, తెలుగులోనో వ్రాయును. చదివి వినిపించువాడు వేరొకడు. క్రింద వ్రేలిముద్ర.